తారుమారైన కమాను

భీమశంకర్ గారికి అమెరికాలో నచ్చనిదేమిటని అడిగితే చలి అనరు, తిండి అనరు, గోడలంటారు. మే నెలలో మిషిగన్ రాష్ట్రం నోవైలో కూతురింట దిగిన పూటే, బూట్లు విప్పీ విప్పకముందే హాల్లో గోడను వేలి కణుపుతో టక్‌టక్‌మని కొట్టి చూశారు. లోపల డొల్ల. పక్క గోడా కొట్టారు. అదీ డొల్లే.

"చెక్క, అట్ట, మధ్యలో దూది. ఇల్లు కొన్నావా అమ్మా, పరుపు కొన్నావా?" అన్నారు కూతురు జయంతితో.

ఆయన భార్య అన్నపూర్ణమ్మ సూట్‌కేసు తాళంతో కుస్తీ పడుతూ, "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏదో సామెత అనుకున్నా. ఈయన్ని చేసుకున్నాకే తెలిసింది, నిజంగా తలెత్తి లెక్కపెట్టే మనుషులు కూడా ఉంటారని" అంది.

ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. ముప్పై అయిదేళ్ళ సర్కారు నౌకరీలో ఆయన చేసిందే అది. కృష్ణానదికి అడ్డంగా ఆనకట్ట కట్టి నీళ్ళు నిలపబోయేసరికి, కర్నూలు వైపు ఒడ్డున ఉన్న పాత గుళ్ళు చాలా మునిగిపోయే పరిస్థితి వచ్చింది. వాటిని రాయి రాయిగా విప్పి, ప్రతి రాయికీ నంబరు వేసి, లారీల్లో మెరక మీదికి చేర్చి, మళ్ళీ ఉన్నదున్నట్టు పేర్చాలి. ఇరవై మూడేళ్ళప్పుడు పాలిటెక్నిక్ డిప్లొమా చేతపట్టుకుని ఆ పనిలో చేరారు. గుళ్ళు అయిపోయాక కోటలు, బురుజులు, మండపాలు. రిటైరయ్యేదాకా రాళ్ళతోనే కాపురం. డెబ్బైకి దగ్గరపడ్డా ఇప్పటికీ ఏ కట్టడం కనబడినా చెయ్యి ఊరుకోదు, నోరు అసలే ఊరుకోదు.

జూలైలో ఓ శనివారం పొద్దున జయంతి, "నాన్నా, ఇక్కడికి ట్వెంటీ మినిట్స్ డ్రైవ్‌లో ఓ రాతి చర్చి ఉందట. ఎనిమిది వందల ఏళ్ళ పైనే దానికి. వస్తారా?" అంది. ఆ పిల్ల కార్ల కంపెనీలో సీటు బెల్టుల మీద పనిచేస్తుంది. వారమంతా తండ్రి విసుగు చూసి చూసి, ఎక్కడికైనా తీసుకెళ్ళాలని ఫోన్‌లో వెతికి పట్టుకుంది.

"ఈ దేశానికే అంత వయసు లేదు కదే!"

"ఇంగ్లండ్ నుంచి తెచ్చి కట్టారట. స్టోన్ బై స్టోన్."

ఆ మాట చెవిన పడగానే ఆయన లేచి చొక్కా తొడుక్కున్నారు. ఆ ఇంటికొచ్చిన ఇన్ని వారాల్లో ఆయన కాఫీ సంగతి ఎత్తకుండా బయటికి కదలడం అదే మొదలు.

చర్చి చిన్నది. మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర నిలబడి చూస్తే కనబడే రామాలయం కంటే కాస్త పెద్దది, అంతే. కానీ గోడ మందం మూడడుగులు. కిటికీలు సన్నగా, ఎత్తుగా, బాణం దూరేంత. చూరు కింద వరసగా రాతి ముఖాలు, కొన్ని నాలుక బయటపెట్టి, కొన్ని పళ్ళు ఇకిలించి. భీమశంకర్ గారు వాటిని చూసి మన కీర్తిముఖాలకు చుట్టాలే అన్నారు. గోడను వేలితో కొట్టారు. వేలు నొప్పెట్టింది. "ఇదీ గోడంటే!" అని ఆ వేలిని ఊదుకుంటూ పసిపిల్లాడిలా నవ్వారు. అన్నపూర్ణమ్మ ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

చర్చి చూపించే ఆవిడ పేరు డోనా కొవాల్‌స్కీ. డెబ్బై రెండేళ్ళు. స్కూలు బస్సు నడిపి రిటైరయింది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి శనివారం వచ్చినవాళ్ళకు ఆ చర్చి కథ చెప్పడం ఆవిడ తనకు తానుగా నెత్తినేసుకున్న పని. కథ ఇది. పన్నెండో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో నలభై గడపల పల్లె తన కోసం కట్టుకున్న గుడి. కాలక్రమంలో ఊరు ఖాళీ అయింది, కప్పు కూలింది, చుట్టుపక్కల రైతులు పశువుల కొట్టాలకు రాళ్ళు మోసుకుపోవడం మొదలుపెట్టారు. 1927లో విహారానికి వెళ్ళిన మిషిగన్ ధనికుడొకడు, బండి ఇరుసుల ఫ్యాక్టరీ ఆసామి, చూసి మనసుపడ్డాడు. రాళ్ళకు నంబర్లేయించి, గడ్డి పరిచిన పెట్టెల్లో ఓడెక్కించి, తన ఎస్టేట్‌లో రెండేళ్ళు పట్టి మళ్ళీ కట్టించాడు. ఇప్పుడది ఓ ట్రస్టు చేతిలో ఉంది.

లోపల మండపానికీ బలిపీఠం ఉన్న గర్భగుడిలాంటి గదికీ మధ్య ఓ రాతి కమాను. దాని మీద అర్ధచంద్రాకారంగా వంకుల ముగ్గు చెక్కి ఉంది. కానీ ఆ ముగ్గు ఏ రాయికా రాయి దగ్గర తెగిపోతోంది. ఒక రాయి మీద గీత పైకెక్కితే పక్క రాయి మీద అది బెత్తెడు కింద మొదలవుతోంది. డోనా అక్కడ ఆగి, గొంతు తగ్గించి చెప్పింది. ఆనాటి శిల్పులు కావాలనే ఈ తప్పు చేశారట. లోపం లేనివాడు దేవుడొక్కడే గనుక, మనిషి పనిలో లోపం ఉండాలని.

వచ్చినవాళ్ళంతా ఆహా అన్నారు. భీమశంకర్ గారికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏ మేస్త్రీ అయినా కావాలని తప్పు చెక్కుతాడటే? తప్పు రాకుండా ఉండటానికే వాడి బతుకంతా సరిపోతుంది. దేవుడి పేరు చెప్పి వాడి మీద అభాండమా!" అని తెలుగులో అంటుంటే జయంతి మోచేత్తో పొడిచింది.

కమాను కింద ఇనుప పరంజా నిలబెట్టి ఉంది. ఎందుకని జయంతి అడిగింది. కమాను చీలుతోందట. ఎడమ వైపు చిటికెన వేలు దూరేంత పగులు ఆయనకూ కనబడింది. ఇంజనీరు వచ్చి చూసి, ఇక ఆగదని తేల్చాడట. సెప్టెంబరు పదిహేనున మెషీన్‌తో కమానంతా కోసేసి, స్టీల్ దూలం వేసి, పైన రాయిలా కనబడే పలకలు అతికిస్తారు. పాత రాళ్ళను తోటలో నడకదారికి పరుస్తారు. అది చెబుతుంటే డోనా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ పెళ్ళి ఆ కమాను కిందే అయింది.

కారెక్కినా ఆయన గొణుగుడు ఆగలేదు. "గోటితో పోయేదానికి గొడ్డలా? ఎనిమిది వందల ఏళ్ళు అక్కడ నిలబడ్డది ఇక్కడ తొంభై ఏళ్ళకే ఎందుకు పగిలింది? అది అడగాలి కదా ముందు!"

మళ్ళీ శనివారం వెళ్ళారు. ఆపై శనివారమూ వెళ్ళారు. ఆయన ఇంగ్లీషు ఫైళ్ళలో రాసే ఇంగ్లీషు. "విత్ రిఫరెన్స్ టు యువర్ ఆర్చ్, మేడమ్" అని మొదలుపెడితే డోనా ముసిముసిగా నవ్వుతూనే శ్రద్ధగా వినేది. అన్నపూర్ణమ్మ తోటలో పుదీనా కోసుకుంటూ కూచునేది.

మూడో శనివారం మిట్టమధ్యాహ్నం ఆయన పక్క ద్వారం దగ్గర గోడనే చూస్తూ నిలబడ్డారు. అక్కడో రాయి మీద చిన్న బెజ్జం, దాన్నుంచి కిందికి చేతివేళ్ళలా గీతలు. ఇదేమిటని డోనాని అడిగారు. ఎండ గడియారం అంది. బెజ్జంలో పుల్ల గుచ్చితే నీడ ఏ గీత మీద పడిందో చూసి ఆ పల్లెవాళ్ళు ప్రార్థనకు గంట కొట్టేవారట. ఆయన ఆకాశంలోకి చూశారు. గోడకేసి చూశారు. ఆ గోడంతా నీడలో ఉంది. రాయి మీద నాచు పచ్చగా మెత్తగా పట్టి ఉంది.

"మేడమ్, ఎండే రాని చోట ఎండ గడియారం ఎవడు చెక్కుతాడు?"

ఇరవై రెండేళ్ళుగా ఆ రాయిని చూపిస్తున్నా ఆ ప్రశ్న డోనాకు తట్టనేలేదు. ఫోన్‌లో దిక్సూచి తీసి చూశారు. గడియారం ఉన్న గోడ ఉత్తరానికి ఉంది. అది దక్షిణానికి ఉండాలి. పాత చర్చిల్లో బలిపీఠం తూర్పున ఉండటం ఆనవాయితీ. ఇక్కడ పడమట ఉంది. సంగతి తేలిపోయింది. ఆసామి బంగళా తూర్పు వైపు ఉండేదని డోనా చెప్పింది. ముఖద్వారం తన బంగళాకేసి ఉండాలని చర్చినంతా అటుదిటు తిప్పి కట్టించుకున్నాడు.

ట్రస్టు గదిలో పాత ఫోటోల పెట్టె ఉందంటే అదీ విప్పించారు. ఇంగ్లండ్‌లో గడ్డి మీద పరిచిన రాళ్ళ ఫోటో ఒకటి దొరికింది. గోడల రాళ్ళ మీద ఏ, బీ, సీ, డీ అని గోడకో అక్షరం. కమాను రాళ్ళకు మాత్రం సగానికి ఎన్, సగానికి ఎస్, పక్కన నంబర్లు. ఉత్తరం సగం, దక్షిణం సగం అన్నమాట. రాసినవాడు ఇంగ్లండ్‌లో నిలబడి రాశాడు. ఇక్కడ చర్చి తిరిగిపోయింది. కట్టినవాళ్ళు ఉత్తరపు రాళ్ళను ఈ ఊరి ఉత్తరానికే పెట్టారు. కమానులో ఎడమ సగం కుడికీ, కుడి సగం ఎడమకీ పోయింది. ప్రతి రాయీ తన పక్కరాయి కోసం చెక్కినదే. ఇప్పుడు పక్కరాళ్ళు పక్కనే ఉన్నాయి గానీ పోట్లాడుకున్న తోడికోడళ్ళలా వీపులు ఆనించుకు కూచున్నాయి. మధ్య ఖాళీలను సిమెంటుతో పూడ్చారు. పగలక ఏం చేస్తుంది?

కిటుకు దొరికినందుకు ఎగిరి గంతేయాల్సిన భీమశంకర్ గారు బెంచీ మీద కూలబడ్డారు. ఆ తప్పు ఎలా జరుగుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నలభై అయిదేళ్ళ కిందటి మాట. కృష్ణ ఒడ్డున జోగిమడుగు అనే ఊళ్ళో శివాలయం విప్పుతున్నారు. రాళ్ళ రిజిస్టరు రాయడం కుర్ర భీమశంకర్ పని. గుడి ముందు నిలబడి, తన కుడి చేతి వైపు ఉన్నదాన్ని కుడి అనీ ఎడమ చేతి వైపుదాన్ని ఎడమ అనీ రాసుకుపోతున్నాడు. నాలుగో రోజు మేస్త్రీ ఓబులేసు, చదువు రానివాడే గానీ రాయి మీద చెయ్యి పెడితే దాని కులగోత్రాలు చెప్పగల మనిషి, దగ్గరికొచ్చి చెప్పాడు. "సారూ, గుళ్ళో కుడి అంటే మన కుడి గాదు. దేవుని కుడి. ఆయప్ప యాడ కూసోని జూస్తాండాడో ఆడ్నుంచి లెక్క. మా పనోళ్ళంతా అట్లే పిలుస్తారు."

అప్పట్నుంచి దేవుడి కుడి, దేవుడి ఎడమ అని లెక్కపెట్టి రాశాడు. ముందు రాసిన పేజీలు దిద్దాలి. రేపు దిద్దుదాం అనుకున్నాడు. రేపటికి నీళ్ళు ఊరి పొలిమేరకొచ్చాయి, లారీలు వరస కట్టాయి, రిజిస్టరు అలాగే ఉండిపోయింది. గట్టు మీద ముఖమండపం దూలాలు ఎత్తేటప్పుడు ఓబులేసు, "ఇది ఈ పక్కది గాదేమో సారూ" అన్నాడు. పై అధికారి పక్కనే ఉన్నాడు. తప్పు ఒప్పుకోవడానికి నోరు రాక, "రిజిస్టర్‌లో ఉన్నట్టే పెట్టు" అన్నాడు భీమశంకర్. రెండో వానాకాలానికి ఒక దూలం పగిలి, పైనున్న తామరపువ్వు పలక కిందపడి మూడు ముక్కలైంది. అదృష్టం, కింద ఎవరూ లేరు. విచారణకు వచ్చినవాళ్ళకు అతను ఒక్క వాక్యం రాసిచ్చాడు. మేస్త్రీ రిజిస్టరు ప్రకారం పేర్చలేదని. ఓబులేసును గుళ్ళ పనిలోంచి తీసేశారు. తర్వాత బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పనికి పోయాడని విన్నాడు. అతను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. భీమశంకర్ ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకు కూడా.

ఇప్పుడు ఆయనకు ఒకటే పట్టుదల. ఆ కమానును కోయనివ్వకూడదు. రాళ్ళు బాగున్నాయి, పేర్పే తప్పు. విప్పి, తిప్పి పెడితే ఇంకో ఎనిమిది వందల ఏళ్ళు నిలబడుతుంది.

ఇంట్లో చెప్పేసరికి జయంతి కంగారుపడింది. "నాన్నా, మీరు విజిటర్ వీసా మీద వచ్చారు. రేపు అది ఎవరి నెత్తినైనా పడితే లయబిలిటీ ఎవరిది? వాళ్ళ ఇంజనీర్ ఉన్నాడు, వాళ్ళు చూసుకుంటారు. ప్లీజ్, ఇన్వాల్వ్ అవ్వొద్దు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అంది అన్నపూర్ణమ్మ.

ఆయన వాదించలేదు. గిఫ్టులు చుట్టే కాగితం చుట్టలు నాలుగు, బార్బెక్యూ బొగ్గు ఓ సంచీ తెప్పించుకున్నారు. శిలాశాసనాలకు అచ్చు తీసినట్టే, రాయి మీద కాగితం పెట్టి బొగ్గుతో రుద్దితే చెక్కడం కాగితం మీదికి దిగుతుంది. రెండు రోజులు ఆయనా డోనా పరంజా మెట్లెక్కి కమాను రాళ్ళన్నిటికీ అచ్చులు తీశారు. కిందనుంచి కాగితాలు అందిస్తూ అన్నపూర్ణమ్మ, "ఇద్దరికీ కలిపి నూట నలభై ఏళ్ళు, కోతుల్లా ఎక్కారు" అని తిడుతూనే ఉంది.

ఆదివారం పొద్దున బేస్‌మెంట్‌లో నేల మీద ఆ అచ్చులు పరిచి కూతుర్ని పిలిచారు. ముందు కమాను ఇప్పుడున్న వరసలో పరిచారు. వంకుల ముగ్గు ఎక్కడికక్కడ తెగి ఉంది. తర్వాత ఎడమ సగం కుడికి, కుడి సగం ఎడమకి మార్చి పరిచారు. గీత ఒక కొసనుంచి రెండో కొసదాకా ఎక్కడా తెగకుండా పాకిపోయింది. జయంతి మోకాళ్ళ మీద కూచుని వేలితో ఆ గీత వెంట పోయింది. వేలు ఎక్కడా ఆగలేదు.

"ఓ మై గాడ్, నాన్నా! ఇది వాళ్ళకి చూపించాలి" అంది.

ట్రస్టు వాళ్ళు ఆగస్టు ఆఖరి శనివారం మధ్యాహ్నం చర్చిలోనే సమావేశం పెట్టారు. అయిదుగురు సభ్యులు, వాళ్ళ పెద్ద ఓ రిటైర్డ్ పళ్ళ డాక్టరు, కమానును కోయమన్న ఇంజనీరు, డోనా, వీళ్ళు ముగ్గురు. అచ్చులు నేల మీద పరిచారు. గడియారం రాయి చూపించారు. ఫోటో చూపించారు. సభ్యులంతా లేచి నిలబడి చూశారు. ఇంజనీరు కూడా వంగి చాలాసేపు చూశాడు. మంచివాడే, మొండివాడు కాదు. చివరికి నెమ్మదిగా అడిగాడు.

"మీరు చెప్పింది నిజమే అనిపిస్తోంది. కానీ ఆ రోజు కట్టినవాళ్ళూ అనుభవం ఉన్న మేస్త్రీలే. ప్రతి రాయి మీదా నంబరుంది. అయినా తప్పు పెట్టారు. ఇప్పుడు విప్పి పేరిస్తే మళ్ళీ తప్పు పెట్టరని ఏమిటి నమ్మకం? స్టీల్ అయితే నాకు ఖాయంగా తెలుసు."

పళ్ళ డాక్టరు తలాడించాడు. "అంటే అప్పటి మేస్త్రీలే పాడుచేశారన్నమాట" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు భీమశంకర్ గారు లేచి నిలబడ్డారు. ఆ గదిలో ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. ఎవరికీ ఏమీ తెలియదు కూడా. నోరు మూసుకుని కూచుంటే ఆయన మర్యాద ఆయనకు దక్కేది. కమాను మాత్రం పోయేది.

"జయంతీ, ఇది నాకు ఇంగ్లీషులో రాదు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు" అన్నారు. "మేస్త్రీ తప్పు పెట్టలేదు. మేస్త్రీ నంబరు చూసి పెడతాడు. తప్పు రాసినవాడిది. రాసేవాడు తాను ఎక్కడ నిలబడి రాస్తున్నాడో రాయడు. ఆ ఒక్కటి రాయకపోతే ఎంత గొప్ప మేస్త్రీ అయినా తప్పే పెడతాడు."

జయంతి చెప్పింది. "అంత కచ్చితంగా ఎలా చెప్పగలరు?" అన్నాడు ఇంజనీరు.

"ఎందుకంటే నేను రాశాను" అన్నారు ఆయన.

తర్వాత జోగిమడుగు సంగతంతా చెప్పారు. దేవుడి కుడి, దిద్దని పేజీలు, పగిలిన దూలం, పలక. రాసిచ్చిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి జయంతి ఇంగ్లీషులో చెప్పడం ఆపేసింది. "నాన్నా, ఇది ఇక్కడ చెప్పక్కర్లేదు" అంది మెల్లగా.

"చెప్పు."

చెప్పింది. అన్నపూర్ణమ్మ పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుని భర్తకేసే చూస్తూ కూచుంది.

"అందుకని ఈసారి ఎడమా కుడీ రాయొద్దు, ఉత్తరం దక్షిణం రాయొద్దు" అన్నారు భీమశంకర్ గారు. "కట్టడంతో పాటు కదిలేదాన్ని రాయండి. గడియారం గోడ వైపు, ఎదుటి గోడ వైపు, ద్వారం వైపు ముఖం, బలిపీఠం వైపు ముఖం. ఇద్దరు మనుషులు విడివిడిగా రెండు రిజిస్టర్లు రాయాలి. రెండూ కలిసేదాకా ఒక్క రాయి కదపకూడదు. ఈ అచ్చులు మీ దగ్గరే ఉంచుకోండి. సిమెంటు వద్దు, సున్నం పెట్టండి. అప్పుడు తప్పు పెడదామన్నా కుదరదు."

ఇంజనీరు తన పుస్తకం తీసి, ఆయన చెప్పినవి ఒక్కొక్కటీ మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాడు. మెషీన్‌తో కోయడం ఆపి, వసంతంలో చేత్తో విప్పి మళ్ళీ పేర్చడానికి నలుగురు ఒప్పుకున్నారు, ఒకరు కాదన్నారు. డోనా వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, ఇరవై రెండేళ్ళుగా అబద్ధం చెప్పించారు నా చేత ఆ ఇరుసుల ఆసామి మనుషులు అని ఏడుస్తూ నవ్వింది.

ఇంటికొచ్చాక అన్నపూర్ణమ్మ నోరు విప్పలేదు. ఊరందరి ముందూ ఆయన్ని ఆటపట్టించే మనిషి అలా ఊరుకుంటే ఆయనకు కాళ్ళాడలేదు. అన్నం వడ్డించి, ఎదురుగా కూచుని అప్పుడంది.

"నలభై అయిదేళ్ళు. నాక్కూడా చెప్పలేదు మీరు."

"సిగ్గేసింది అన్నపూర్ణా."

"సిగ్గు నాకెందుకు చెబుతారు? ఆ మేస్త్రీకి చెప్పండి. ఆయన లేకపోతే ఆయన పిల్లలకి చెప్పండి."

మర్నాడు పొద్దున జయంతి ఫోన్‌లో వెతికితే బేతంచెర్లలో ఓబులేసు స్టోన్స్ అని నాపరాళ్ళ దుకాణం ఒకటి నంబరుతో సహా దొరికింది. ఇక్కడ ఎనిమిదయితే అక్కడ సాయంత్రం అయిదున్నర. స్పీకర్ పెట్టి ఆ పిల్లే డయల్ చేసింది. అవతల రాయి కోసే మెషీన్ గోల.

"నేను భీమశంకర్‌ని బాబూ. జోగిమడుగు గుడి పని అప్పుడు..."

"రిజిస్టర్ సారా?" అన్నాడు అవతలి మనిషి. ఎవరినో కేకేసి మెషీన్ ఆపించాడు. "నేను మద్దిలేటిని సార్, ఓబులేసు కొడుకుని. నాయన పొయ్యి పద్దెనిమిదేండ్లాయ."

భీమశంకర్ గారు దమ్ము పీల్చుకుని ఒక్క ఊపున చెప్పేశారు. మీ నాన్న తప్పు పెట్టలేదు, నేను తప్పు రాశాను, ఆ తప్పు ఆయన మీదికి నెట్టాను. చెప్పి ఆగారు. తిడతాడేమోనని ఎదురుచూశారు.

"మాకు తెల్సు సార్" అన్నాడు మద్దిలేటి.

"ఏం తెలుసు?"

"అంతా తెల్సు. మా యమ్మ రోజూ కొట్లాడేది, పొయ్యి పై ఆఫీసర్లకి చెప్పమని. నాయన ఒకటే మాట. ఆ పిల్లోనికి నిన్నగాక మొన్న పెండ్లయింది, కొలువు పోతే పెండ్లాన్ని తీసుకోని యాడికి పోతాడు, నా చేతిలో ఉలి ఉండాది, నేను యాడన్నా బతుకుతా అన్నాడు."

ఆ పెళ్ళికూతురు బల్లకవతల కూచుని ఉంది. అన్నపూర్ణమ్మ ఏడుస్తోంది, కళ్ళు తుడుచుకోవడం లేదు. భీమశంకర్ గారు, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, పిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. కాసేపటికి, "తిట్టు మద్దిలేటీ. ఒక్క మాటన్నా తిట్టు" అన్నారు.

"తిట్టి ఏం జేస్తాం సార్. బతికినాం గదా. ఒగటే సార్, గుళ్ళ పనికి మళ్ళా పిలుస్తారని సచ్చేదాకా చూసినాడు. ఎవురన్నా జీపులో వస్తే లేసి నిలబడేటోడు." మళ్ళీ తనే అడిగాడు. "మీకు వీలైతే ఒక కాగితం రాసియ్యండి సార్. నాయన రాయి సరిగ్గానే పెట్టినాడని. ఫోటో పక్కన పెట్టుకుంటాం."

ఫోన్ పెట్టేశాక అన్నపూర్ణమ్మ లేచి తెల్లకాగితం, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన మధ్యాహ్నం దాకా కూచున్నారు. ఎన్నో కాగితాలు చింపేశారు. సంజాయిషీలన్నీ కొట్టేయగా చివరికి ఇంతే మిగిలింది.

"జోగిమడుగు శివాలయం దూలాలను మేస్త్రీ ఓబులేసు నేను రాసిన ప్రకారమే పేర్చాడు. అడిగి మరీ పేర్చాడు. తప్పు రాసింది నేను. అబద్ధం రాసింది కూడా నేనే. భీమశంకర్, వర్క్ ఇన్‌స్పెక్టర్."